మా రోజుల్లో వార్డు, మీ రోజుల్లో బోర్డు

ఈమధ్య ఏ సీమంతానికి వెళ్ళినా, గాజులు తొడుగుతూ ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు: “మా అమ్మమ్మల కాలంలో ఈ అబార్షన్లూ లేవు, ఈ స్కానులూ లేవు. పదిమందిని కని హాయిగా తిరిగారు.” వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అబార్షన్లు లేకపోవడమేమిటమ్మా? హాయిగా తిరిగినవాళ్ళనే మీరు చూశారు. తిరగనివాళ్ళను మేం చూశాం. వాళ్ళ మీద తెల్లగుడ్డ కప్పింది మేమే.

నేను సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేరి, ప్రసూతి వార్డులోనే జుట్టు నెరిసి, హెడ్ నర్సుగా దిగిపోయిన మనిషిని. ఇప్పుడు నా పని పెన్షను తీసుకోవడం, కనబడ్డవాళ్ళ మీద సణగడం. సణిగే ముసలిది కాబట్టి ‘మా రోజులే మంచివి’ అంటాననుకుంటారు. అనను. మా రోజులు రెండు రకాలు: 1972 ఏప్రిల్ 1కి ముందువి, తర్వాతివి. ముందువి మంచివన్నవాళ్ళు నోరు ఫినాయిల్‌తో కడుక్కోవాలి. తర్వాతివాటి గురించి మాత్రం నాకు కాస్త పొగరుంది. ఇప్పటి రోజుల మీద కోపం ఉంది. మూడూ చెబుతాను.

నేను వార్డులో అడుగుపెట్టేనాటికి నడుస్తున్నది 1860లో తెల్లవాళ్ళు రాసిన పీనల్ కోడ్. అందులో 312వ సెక్షను. కడుపు తీసినవాడికి మూడేళ్ళ దాకా జైలు, బిడ్డ కదలిక తెలిశాకైతే ఏడేళ్ళ దాకా. తనంతట తాను పోగొట్టుకున్న ఆడదానికీ అదే శిక్ష. తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప ఇంక దేనికీ వీల్లేదు. దీనివల్ల కడుపులు తీయించుకోవడం ఆగిందా అంటే, ఒక్కరోజు ఆగలేదు. ఆసుపత్రికి రావడం ఆగింది.

ఊళ్ళో మంత్రసాని దగ్గరికి వెళ్ళి జిల్లేడు పుల్ల పెట్టించుకునేవాళ్ళు. జ్వరం వస్తే నాలుగు రోజులు ఇంట్లోనే దాచేవాళ్ళు. ఒళ్ళు కాలిపోయి, మాట తడబడే స్థితికి వచ్చాక బండి కట్టి తెచ్చేవాళ్ళు. సెప్టిక్ వార్డని విడిగా ఒకటి ఉండేది. గడప దాటగానే వాసనే చెప్పేది, ఏం జరిగిందో. కేసు షీటులో మాత్రం ‘బిందె ఎత్తితే కడుపు పోయింది’ అని ఉండేది. రాసే డాక్టరుకు తెలుసు, చెప్పి రాయించే అత్తగారికి తెలుసు, సెలైను పెట్టే నాకు తెలుసు. కానీ దేనితో చేశారు, ఎన్నాళ్ళయింది, లోపల ఇంకా ఏమైనా ఉందా అంటే ఎవరూ నోరు విప్పేవాళ్ళు కాదు. నిజం చెబితే పోలీసులొస్తారని భయం. అదే చెప్పి ఉంటే ధనుర్వాతానికి మందు ముందే పడేది, గర్భసంచికి చిల్లి పడిందేమోనని సర్జన్ను ముందే పిలిచేవాళ్ళం. మాకు తెలిసేసరికి దవడ బిగుసుకుపోయి ఉండేది. పెన్సిలిన్ ఉంది, రక్తం ఉంది, చెయ్యి తిరిగిన డాక్టరమ్మ ఉంది. నిజం చెప్పుకునే వీలే లేదు.

ఆ వార్డుకు వచ్చేది చెడు తిరుగుళ్ళ ఆడవాళ్ళని ఊరి నమ్మకం. నేను చూసినవాళ్ళలో ఎక్కువమంది మెడలో పసుపుతాడు ఉన్నవాళ్ళే. ఇంటిదగ్గర నలుగురైదుగురు పిల్లలు, చంకలో పాలు తాగేది ఒకటి, మళ్ళీ నెల తప్పింది, కూలి డబ్బులకే గతిలేదు. వాళ్ళు పాపమూ పుణ్యమూ గురించి మాట్లాడేవాళ్ళు కాదు. చిన్నదానికి పాలు ఎవరు పడతారని అడిగేవాళ్ళు.

మనకీ సెక్షను అంటగట్టిపోయిన ఇంగ్లీషువాళ్ళు వాళ్ళ దేశంలో 1967లోనే చట్టం సడలించుకున్నారు. మనం మరో నాలుగేళ్ళు మోశాం. 1964లో కేంద్రం శాంతిలాల్ షా అధ్యక్షతన కమిటీ వేసింది. 1966 చివర్లో రిపోర్టు వచ్చింది. 1971లో పార్లమెంటు మెడికల్ టెర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ యాక్టు చేసింది. నోరు తిరగక అందరం ఎం.టి.పి. అన్నాం. మరుసటి ఏడు ఏప్రిల్ 1న అమల్లోకి వస్తే, ఏప్రిల్ ఫూలేమోనని మా కాంపౌండరు నవ్వాడు. మా మేట్రన్‌గారు నవ్వలేదు. చట్టం మొత్తం ఎనిమిదే సెక్షన్లు. ఆవిడ మమ్మల్ని నిలబెట్టి ఎనిమిదీ అప్పజెప్పించుకుంది. తప్పు చెప్పినవాళ్ళకు ఆ వారం నైట్ డ్యూటీ.

ఇక నా పొగరు సంగతి. చట్టం ప్రకారం 12 వారాల లోపైతే ఒక డాక్టరు నిర్ణయం చాలు, 12 నుంచి 20 వారాల దాకా ఇద్దరు కావాలి. ఆ రెండో డాక్టరు కోసం మేం ఉత్తరాలు రాయలేదు. పక్క బ్లాకులో ఓ.పి. చూస్తున్న మేడమ్‌ను బతిమాలి తీసుకొచ్చేవాళ్ళం. ఆవిడ వచ్చి, పొట్ట మీద చెయ్యి వేసి చూసి, ఆ అమ్మాయితో నాలుగు మాటలు మాట్లాడి సంతకం చేసేది. స్కాను లేదు, కంప్యూటరు లేదు. చాలాసార్లు ఆ మధ్యాహ్నమే థియేటరు. నిర్ణయం మంచం పక్కనే జరిగేది, మనిషి మొహం చూసి జరిగేది.

గుట్టు విషయంలోనూ మాకు పట్టుదల ఉండేది. అడ్మిషన్ రిజిస్టరు రహస్య పత్రం. ఆమె పేరు ఆ ఒక్క పుస్తకంలోనే ఉండాలి. థియేటరు రిజిస్టరులో గాని, కేసు షీటులో గాని నంబరు తప్ప పేరు రాయకూడదు. ఒప్పుకోలు కాగితం కవరులో పెట్టి, సీలు వేసి, పైన ‘రహస్యం’ అని రాయాలి. ఒకసారి ఎవరో పెద్దమనిషి వచ్చి తన కోడలి పేరు ఉందేమో చూపించమని మా మేట్రన్‌ను అడిగాడు. ఆవిడ ఇచ్చిన సమాధానం ఇక్కడ రాస్తే పత్రికవాళ్ళు వేయరు.

ఇంకొకటి. మొగుడి సంతకం ఆనాడూ చట్టం అడగలేదు, ఈనాడూ అడగదు. 18 నిండి, బుద్ధి స్థిమితంగా ఉన్న మనిషైతే ఆమె సంతకమే చాలు. యాభై ఏళ్ళు దాటాయి, ఈ ముక్క ఇంకా కొన్ని నర్సింగ్ హోముల గుమ్మం దాటలేదు. “మీ ఆయన్ని తీసుకురామ్మా” అని వెనక్కి పంపేస్తారు. ఆయన దుబాయిలో ఉంటే? ఆయన కొట్టబట్టే ఆమె వచ్చి ఉంటే? అడిగితే “మాకెందుకండీ రిస్కు” అంటారు. రిస్కు అనే మాట మా రోజుల్లో రోగికి వాడేవాళ్ళం. ఇప్పుడు డాక్టరుకు వాడుతున్నారు.

అలాగని మా రోజులు కడిగిన ముత్యాలని చెప్పను. ఆ చట్టం ఆడదాని మీద ప్రేమతో ఒక్కటే రాలేదు, జనాభా భయం కూడా తోసుకొచ్చింది. గోడగోడకీ కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం వేసిన కాలం అది. ముఖ్యంగా ఎమర్జెన్సీ రోజుల్లో, టార్గెట్లు నెత్తిన కూర్చున్నప్పుడు, “ట్యూబులు కోయించుకుంటానంటేనే టేబులెక్కు” అన్న డాక్టర్లున్నారు. అది బేరం, వైద్యం కాదు. పెళ్ళికాని పిల్లకైతే చట్టంలో దారే సన్నం. కుటుంబ నియంత్రణ సాధనం విఫలమైతే అన్న వెసులుబాటు పెళ్ళయినవాళ్ళకే రాశారు. మా డాక్టరమ్మలు అప్పుడు ‘మానసిక ఆరోగ్యానికి తీవ్ర హాని’ అన్న మాట పట్టుకునేవాళ్ళు. ఆ పిల్ల ఏడుపు చూసినవాళ్ళెవరూ అది అబద్ధమనరు.

సరే, ఇప్పటి సంగతికి వద్దాం. 2021లో చట్టాన్ని సవరించారు. కాగితం మీద అది మా చట్టం కంటే మేలు, ఒప్పుకుంటాను. 20 వారాల దాకా ఒక్క డాక్టరు చాలన్నారు. 20 నుంచి 24 దాకా ఇద్దరు డాక్టర్లు, అత్యాచార బాధితులు, మైనర్లు, కడుపుతో ఉండగా భర్త పోయినవాళ్ళు, విడాకులైనవాళ్ళు, బిడ్డలో తీవ్రమైన లోపం బయటపడినవాళ్ళు, ఇలాంటివాళ్ళకు. 24 దాటాక కూడా, బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చితే గడువు లేదన్నారు. భర్త అన్న చోట భాగస్వామి అని రాశారు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, పెళ్ళికాలేదని 24 వారాల వీలును కాదనడం కుదరదని చెప్పింది. మొగుడు బలవంతం చేస్తే వచ్చిన గర్భమైనా ఈ చట్టం వరకు అత్యాచారమేనంది. ఆ తీర్పు టీవీలో విన్న రాత్రి నేను స్వీటు తిన్నాను, షుగరున్నా సరే.

“మరి ఇంకా సణుగుడెందుకు సిస్టరమ్మా?” అంటారా? చట్టం ఇచ్చింది, కానీ అడిగిన రోజున ఇవ్వడం లేదు. కడుపుతో ఉన్న మనిషికి చట్టమంటే వారాలు. మీ ఫైలు ఆగుతుంది గాని కడుపు ఆగదు.

ఐదో నెల స్కాను ఉంది కదా, మీరంతా టిఫా అంటారు. 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. మా చుట్టాల్లో ఒక పిల్లకు అందులో తేలింది, బిడ్డకు తలపై ఎముక ఏర్పడలేదని. పుట్టినా బతకదు. స్కాను డాక్టరు చెప్పాల్సింది చెప్పాడు. రోజూ చూసే డాక్టరమ్మ “మా దగ్గర చేయం, పెద్దాసుపత్రికి వెళ్ళండి” అంది. పెద్దాసుపత్రిలో “బోర్డుకు అప్లికేషను పెట్టండి” అన్నారు. బోర్డు ఇంకో ఊళ్ళో. అక్కడ ఒక డాక్టరు సెలవు, స్కాను మళ్ళీ తీయించమన్నారు. ఈలోగా లోపల బిడ్డ కదులుతూనే ఉంది. ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టుకోవడం మానేసింది.

ఇక్కడ నా పళ్ళు పటపటలాడేది ఎందుకో చెబుతాను. ఆమె 24 వారాలు దాటలేదు. అలాంటి లోపానికి 24 లోపైతే ఇద్దరు డాక్టర్లు చాలని రూల్సులోనే ఉంది. బోర్డు అక్కర్లేదు. బోర్డు కావాల్సిన కేసులకైనా, అడిగిన మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలని, అయిదు రోజుల్లోగా పని పూర్తయ్యేలా చూడాలని అదే రూల్సు అంటాయి. ఎవరు చదివారు? చదవకపోతే పోయె, ఆలస్యమైతే ఒంటికి ఏమవుతుందో డాక్టరుకు చెప్పాలా? 8 వారాలప్పుడు మాత్రలతో పోయేది, 12 వారాలప్పుడు కాసేపట్లో సక్షనుతో అయ్యేది, 22 వారాలప్పుడు నొప్పులు పడి కనాలి. రక్తం ఎక్కువ పోతుంది, ప్రమాదం పెరుగుతుంది, పాలు కూడా వస్తాయి. ఆ పాలు చూసుకుని ఏడ్చే పిల్లను ఓదార్చాల్సింది నర్సు. బోర్డు మెంబరు కాదు.

బోర్డు దాటితే కోర్టు. 2017లో చండీగఢ్‌లో పదేళ్ళ పిల్ల. ఆ వయసుకు కడుపేమిటని అడక్కండి, అడిగితే నా బి.పి. పెరుగుతుంది. అందరికీ తెలిసేసరికే నెలలు నిండుతున్నాయి. సుప్రీంకోర్టు దాకా వెళ్ళేసరికి 32 వారాలు, అప్పటికి తీయడమే ప్రమాదమని డాక్టర్లు చెప్పారు, కోర్టు కుదరదంది. పదేళ్ళ పిల్లకు సిజేరియన్ అయింది. 2023 అక్టోబరులో ఇంకొకామె, ఇద్దరు పిల్లల తల్లి, కాన్పు తర్వాత వచ్చిన మానసిక జబ్బుకు మందులు వాడుతోంది. 26 వారాలు. 9వ తేదీన కోర్టు సరేనంది. 11న అదే ఇద్దరు జడ్జీలకు కుదరలేదు. 16న ముగ్గురు జడ్జీలు కాదన్నారు. తీర్పులో తప్పొప్పులు లాయర్లు చూసుకుంటారు. నా లెక్క వేరు: సరేనన్న రోజుకీ కాదన్న రోజుకీ మధ్య ఆమె కడుపులో ఒక వారం పెరిగింది.

పదిహేడేళ్ళ పిల్ల వచ్చిందనుకోండి. పోక్సో చట్టం ప్రకారం డాక్టరు పోలీసులకు చెప్పాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. పసిపిల్లల్ని కాపాడటానికి 2012లో చేసిన చట్టం అది, కావాల్సిందే. కానీ మేనబావకిచ్చి చేసిన పిల్లయినా, కాలేజీలో ప్రేమించిన పిల్లయినా అదే గాటన కట్టారు. ‘పోలీసు’ అనే మాట వినగానే తల్లి చీరకొంగు బిగించి పిల్లను లాక్కుపోతుంది. ఎక్కడికి? ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరికి. మా కాలపు మంత్రసాని స్థానంలో ఇప్పుడు వాడున్నాడు. ఆ పిల్లా, పెద్దవాళ్ళూ కోరితే పోలీసు రిపోర్టులో పేరు, వివరాలు ఇవ్వనక్కర్లేదని 2022 తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట ఎన్ని పి.హెచ్.సి.ల దాకా చేరిందో మీరే కనుక్కోండి.

మాత్రల సంగతి మరీ వింత. 2008 నుంచి అయిదు మాత్రల కిట్టు దొరుకుతోంది, 9 వారాల దాకా వాడొచ్చు, డాక్టరు చీటీ మీద. మా రోజుల్లో ఇదే ఉండి ఉంటే సెప్టిక్ వార్డుకు ఎప్పుడో తాళం పడేది. మీరేం చేశారు? ఆడపిల్లల్ని కడుపులోనే చంపేస్తున్నారన్న కోపంతో, 1994నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టాన్నీ ఎం.టి.పి. చట్టాన్నీ కలిపి కుట్టేశారు. లింగ నిర్ధారణ ఘోరం, చేసినవాణ్ణి జైల్లో వేయండి. కానీ 9 వారాలకు ఆడో మగో ఏ స్కానులోనూ కనబడదు. ఆ మాత్రల మీద దాడులు చేస్తే లాభమేమిటి? మంచి షాపువాడు మాకెందుకొచ్చిన గొడవని తెప్పించడం మానేస్తాడు. సందు చివరివాడు చీటీ అడక్కుండా, వారాలు అడక్కుండా, నాలుగింతల ధరకు అమ్ముతాడు. ట్యూబులో కడుపైతే ఆ మాత్ర పనిచేయదు, ట్యూబు పగిలితే ప్రాణం పోతుంది. ఇది చెప్పేవాళ్ళెవరూ ఆ సందులో ఉండరు. 2015 సంవత్సరానికి శాస్త్రవేత్తలు వేసిన లెక్కలో దేశంలో ఏడాదికి సుమారు కోటీ 56 లక్షల అబార్షన్లు తేలాయి. అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆసుపత్రి బయట, మాత్రలతో.

ఇదంతా ఈ దేశపు అవస్థే అనుకుంటూ ఉండేదాన్ని. బెళగావి నుంచి ఐర్లండు వెళ్ళిన సవిత హలప్పనవర్ సంగతి విన్నాక ఆ భ్రమ పోయింది. పళ్ళ డాక్టరు, 31 ఏళ్ళు, 17 వారాల కడుపు. 2012 అక్టోబరులో కడుపు పోతోందని ఆసుపత్రిలో చేరింది. నిలవదని డాక్టర్లకూ తెలుసు. తీసేయమని ఆమే అడిగింది. బిడ్డ గుండె కొట్టుకుంటోంది కాబట్టి వాళ్ళ చట్టం ఒప్పుకోదన్నారు. గుండె ఆగేదాకా కూర్చున్నారు. ఈలోగా రక్తమంతా విషమెక్కింది. అక్టోబరు 28న చచ్చిపోయింది. ఎ.సి. గదులు, కొత్త యాంటీబయాటిక్కులు, మానిటర్లు అన్నీ ఉన్న దేశంలో! కరెంటు పోతే లాంతరు పెట్టుకున్న మా థియేటరులో, అలాంటి కేసును రాత్రికి రాత్రి ఖాళీ చేసి పొద్దున్నే గంజి తాగించేవాళ్ళం. ఆమె పోయాక దేశం కదిలి, 2018 మే 25న ఓటింగు పెట్టుకుంటే, నూటికి 66 మంది ఆ నిషేధం వద్దన్నారు. ఒక పిల్ల ప్రాణం పోయాక.

అమెరికాకు ఆ బుద్ధి కూడా లేదు. 1973లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన హక్కును 2022 జూన్ 24న అదే కోర్టు తీసేసింది. టెక్సస్‌లో ఇప్పుడు డాక్టరుకు 99 ఏళ్ళ దాకా జైలు, లక్ష డాలర్లకు తగ్గని జరిమానా. అమాండా జురావ్‌స్కీ అనే ఆమెకు 18 వారాలకే ఉమ్మనీరు పోయింది. ఒంటికి విషమెక్కేదాకా చెయ్యి వేయలేదు. ఆమె కోర్టుకెక్కితే 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టులో ఓడిపోయింది. డాక్టర్లు మరీ వణికిపోతున్నారని 2025లో అక్కడి ప్రభుత్వమే చట్టానికి వివరణ జోడించుకుంది. మా మనవరాలు డాలస్ దగ్గర ఉంటుంది. నెల తప్పాక ఫోనులో అడిగింది: “అమ్మమ్మా, ఏదైనా తేడా వస్తే ఇండియా వచ్చేయనా?” ఆసుపత్రి కోసం అమెరికా నుంచి ఆంధ్రాకు రావాలనుకునే రోజు వస్తుందని మా మేట్రన్‌కు చెప్పి ఉంటే, నాకు నెలంతా నైట్ డ్యూటీ వేసేది.

అందుకే మన కుర్ర డాక్టర్లతో ఒక పోట్లాట. మీ భయం ఉత్తిదని అనను. 312 ఇంకా బతికే ఉంది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 88 అని కొత్త నంబరు తగిలించుకుంది. ఆడదాన్ని దోషిని చేసే వివరణ కూడా అలాగే ఉంది. ఎం.టి.పి. అంటే ఆ నేరానికి మినహాయింపే గాని, ఆమె అడిగి తీసుకునే హక్కు కాదు. అది మార్చాల్సింది పార్లమెంటు. కానీ మీ చేతిలో ఉన్నదైనా చదివారా? అయిదో సెక్షను: తల్లి ప్రాణం కాపాడటానికి వెంటనే అవసరమైతే ఒక్క డాక్టరు చాలు, వారాల లెక్క లేదు, ఎక్కడ చేశారన్న పేచీ లేదు. ఎనిమిదో సెక్షను: మంచి ఉద్దేశంతో చేసిన డాక్టరు మీద దావా నడవదు. ఐర్లండులోనూ టెక్సస్‌లోనూ డాక్టర్లకు ఇంత భరోసా లేకే కదా ఆడవాళ్ళు అవస్థపడింది. మీకు ఉండి కూడా “బోర్డుకు వెళ్ళండి” అంటే ఏమనాలి?

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి సర్కారు ఆసుపత్రి ఓ.పి. గోడ మీద తెలుగులో, ముసలి కళ్ళకు ఆనేంత అక్షరాలతో రాయించండి: ఎన్ని వారాల దాకా ఇక్కడే చేస్తారు, ఏ రోజు ఎవరు చేస్తారు, మొగుడి సంతకం అక్కర్లేదు, పేరు బయటికి చెప్పినవాళ్ళకు ఏడాది దాకా జైలు, బోర్డు ఎప్పుడు కావాలి, దాని ఫోను నంబరు ఏది. వచ్చినవాళ్ళ సెల్ ఫోన్లు లాక్కుంటామని బోర్డు రాయించారు, చెప్పులు బయట విడవమని రాయించారు, ఇది రాయించలేరా? బడ్జెట్టు లేదంటే చెప్పండి. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి గాని, పెయింటు డబ్బా పట్టుకుని స్టూలెక్కే మొండితనం నాకింకా ఉంది.